పాత ఆయిల్ బంకు స్థలంలో పెట్రోలు పట్టిన మట్టి: ఎత్తించేస్తే సరిపోతుందా?

ప్రశ్న (రాయగడ)
గిడ్డంగి కట్టుకుందామని మా తమ్ముడూ నేనూ కలిసి రాయగడలో రోడ్డు పక్కన ఒక స్థలం బేరమాడాము. మన లెక్కలో 20 సెంట్లు, పట్టాలో 20 డిసిమిల్. ఒకప్పుడు అక్కడ ఆయిల్ బంకు ఉండేదని అడ్వాన్సు ఇచ్చిన తరువాతే తెలిసింది. అమ్మేవారి అనుమతితో నేల గట్టిదనం చూద్దామని నాలుగడుగుల గొయ్యి తవ్వించగా, మట్టి నల్లబారి పెట్రోలు వాసన కొట్టింది. జేసీబీతో ఆ మట్టి ఎత్తించి పారబోస్తే చాలునని అమ్మేవారు అంటున్నారు. పల్లపు వైపు పక్కింటివారి నుయ్యి ఉంది. రిజిస్ట్రీ ఇంకా కాలేదు. ఏం చేయమంటారు?

జవాబు 1 (బరంపురం)
అయ్యా, ముందు జేసీబీని ఆపించండి. పెట్రోలు నీటికన్నా తేలిక గనుక, నేలలోకి దిగి నీటిమట్టాన్ని చేరాక దానిపైన తెట్టెలా పరుచుకుంటుంది; వానలకు నీరు పైకి లేచినప్పుడూ వేసవిలో దిగినప్పుడూ ఆ తెట్టె కూడా ఎక్కి దిగుతూ నడుమనున్న మట్టికంతటికీ పట్టేస్తుంది. కాబట్టి నాలుగడుగుల గోతిని చూసి లోతు అంచనా వేయలేము.

బంకు లైసెన్సుతోపాటు ఆమోదించిన నక్షా సంపాదిస్తే టాంకులు, పైపులు, పంపులు ఎక్కడెక్కడ ఉండేవో తెలుస్తుంది. ఆ చోట్లా, పల్లపు దిశలోనూ బోర్లు వేయించి, మట్టి బాగున్న చోటు నుంచి కూడా పోలికకు ఒక నమూనా తీయించండి. నమూనాను గాజు సీసాలో ఖాళీ లేకుండా నింపి, వెంటనే మూత బిగించి, ఐసు పెట్టెలో ప్రయోగశాలకు పంపాలి. ప్లాస్టిక్ సంచిలో వేసి రెండు రోజులు ఉంచితే తేలికైన పదార్థాలు ఎగిరిపోయి, చెడ్డ మట్టికి కూడా మంచి రిపోర్టు వస్తుంది. మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లతోపాటు, పెట్రోలులో ఉండే హానికర రసాయనాలైన బెంజీను, టోలీను, ఇథైల్ బెంజీను, జైలీను విడివిడిగా కొలవమనండి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. బంకు అంతకన్నా పాతదైతే సీసం కూడా చూడాలి.

పక్కింటివారికి ఈ రోజే చెప్పండి. నీటిమీద జిడ్డు తేలకపోయినా బెంజీను కరిగి ఉండవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో దానికి పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము మాత్రమే.

జవాబు 2 (గుణుపురం)
టాంకు ఇంకా భూమిలోనే ఉంటే గ్యాస్ కటింగువాణ్ణి దగ్గరకు రానీయకండి. ఖాళీ టాంకే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అందులో మిగిలిన ఆవిరి గాలితో కలిసి నిప్పురవ్వకే పేలుతుంది. ముందు ఆవిరి తీయించి, లేదని పరీక్షించి రాయించుకున్నాకే పైకి తీయాలి.

ప్రశ్నించినవారు
టాంకు ఉన్నట్టే ఉంది, మూత కనిపిస్తోంది. తవ్విన మట్టిని పెరట్లో పరిచి ఎండబెడితే వాసన పోతుందని ఒక మేస్త్రీ అన్నాడు, నిజమేనా?

జవాబు 3 (జయపురం)
వాసన పోతుంది, కాని అది మీ ముక్కులోకీ పొరుగువారి ఇళ్లలోకీ పోతుంది. నేలలో పెట్రోలు ఎక్కువగా ఉంటే బోర్లలోంచి ఆవిరిని పంపుతో లాగి వడగట్టే పద్ధతి ఉంది. మట్టి గుల్లగా ఉంటే బాగా పనిచేస్తుంది, బంకమట్టిలో నెమ్మది. డీజిలు అంతగా ఎగరదు గనుక, అది పట్టిన మట్టిని అడుగున షీటు వేసి కుప్పపోసి, నత్రజని, భాస్వరం ఎరువులు కలిపి, తడి ఆరనీయకుండా గాలి ఆడేలా తిరగేస్తూ ఉంటే సూక్ష్మజీవులే తినేస్తాయి. దానికి నెలలు పడుతుంది, పైన వానకు కప్పు ఉండాలి. మట్టి బయటికి పంపక తప్పకపోతే అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి. నాగావళి గట్టున పోస్తే కేసు మీ మీదికి వస్తుంది.

తవ్వకం ముగిశాక గోతి అడుగు నుంచీ నాలుగు పక్కల నుంచీ మళ్లీ నమూనాలు తీయించి, ఫలితాలు వచ్చాకే పూడ్చండి. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025లో ప్రత్యేక నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారిదే. అందుచేత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి అమ్మేవారి చేతనే రాయించి, ఆ నకలు చేతికి అందేదాకా రిజిస్ట్రీకి తేదీ ఇవ్వకండి.