అప్‌డేట్: దిండి బోటు స్టార్టర్ సమస్య తీరింది

తాళం తిప్పితే టక్కుమని ఆగిపోతున్న మా పాత డీజిల్ బోటు స్టార్టర్ మోటారు గురించి పోయిన నెల అడిగాను కదా, కారణం దొరికింది. లోపం మోటారులో కాదు, బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ కేబుల్‌లో ఉంది.

కొత్త బ్యాటరీ వేసినా మార్పు లేదు, ఆ డబ్బు అనవసరంగా పోయింది. మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మార్చమన్నారు కొందరు. రాజోలులో వైండింగ్ చేసే పెద్దాయన విప్పి చూసి బ్రష్‌లు, ఆర్మేచర్ (ఆ తిరిగే భాగం) బాగానే ఉన్నాయన్నారు. "నెగటివ్ వైపు వోల్టేజీ డ్రాప్ చూడు తమ్ముడూ" అని ఇక్కడ జవాబిచ్చిన అన్నయ్య మాటే నిజమైంది. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, ఇంకో కొస స్టార్టర్ బాడీ మీద పెట్టి స్టార్ట్ కొట్టిస్తే 2.3 వోల్టులు చూపించింది. 12 వోల్టుల సిస్టమ్‌లో దారిలోనే అంత పోతే మోటారు ఏం తిరుగుతుంది!

పైకి కేబుల్ కొత్తదానిలా ఉంది. లగ్గు (కేబుల్ చివర బోల్టుకు బిగించే ముక్క) దగ్గర తొడుగు కోస్తే లోపల రాగి తీగలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి, వేలితో నలిపితే పొడి రాలింది. వశిష్ఠ గోదావరిలోకి ఉప్పునీరు ఎగదన్నే చోటు మరి. తగరం పూత ఉన్న కేబుల్ వేయించి, ఇంజన్ బ్లాకు మీద పెయింటు గీకి బిగించాం. ఇప్పుడు 0.2 వోల్టులే. మూడు వారాలుగా మొదటిసారికే అందుకుంటోంది. జవాబిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.