కిల్ట్ మీదకి టోపీ పెట్టుకోవాలా? స్కాటిష్ ఫ్రెండ్ పెళ్ళి, కాస్త చెప్పండి

గోదారోడు_గ్లాస్గో:
అందరికీ నమస్తే అండి. నేను గ్లాస్గోలో జాబ్ చేస్తున్నాను, మా టీమ్‌లో ఒక స్కాటిష్ అబ్బాయి పెళ్ళి వచ్చే నెల, స్టిర్లింగ్ దగ్గర పెద్ద పాత బంగళాలో, నన్ను అషర్‌గా ఉండమన్నాడు. వచ్చినవాళ్ళని కుర్చీల్లో కూర్చోబెట్టడమే కాబట్టి పెద్ద పనేం కాదు గానీ అషర్లందరూ కిల్ట్ (ఇక్కడి మగవాళ్ళు కట్టే కుచ్చిళ్ళ గళ్ళ పావడా) వేసుకోవాలంట. బ్లాక్ వాచ్ అనే టార్టన్ (గళ్ళ డిజైన్) కిల్ట్, నల్ల ప్రిన్స్ చార్లీ కోటు, వెయిస్ట్‌కోటు, బో టై, స్పోరన్, సాక్సులు, బూట్లు అన్నీ అద్దె షాపువాడే ఇస్తున్నాడు, టోపీ ఒక్కటే లిస్టులో లేదు. నెట్‌లో చూస్తే ఒకాయన పొడుగ్గా మడత టోపీ, ఒకాయన పైన ఎర్ర బంతి ఉన్న గుండ్రం టోపీ, ఇంకొకాయన ఏకంగా ఈకలు! ఎడిన్‌బరో రాయల్ మైల్ మీద చవగ్గా దొరుకుతున్నాయి కదా, ఒకటి కొనెయ్యనా? మా నాన్నేమో ఫోన్‌లో "పెళ్ళికి బోడి తలతో ఏం వెళ్తావురా, తలపాగా పంపిస్తాను" అంటున్నారు 😅 ఇంకో డౌట్, సాక్సులో పెట్టుకునే ఆ చిన్న కత్తి పెట్టుకుని ట్రెయిన్ ఎక్కితే పోలీసులు ఏమీ అనరా?

స్వప్న_లీత్:
హాయ్ అండి, నేను ఇక్కడ పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తుంటాను కాబట్టి కిల్టులు బాగానే చూశాను. సూటిగా చెప్తున్నా, టోపీ వద్దు. లిస్టులో లేకపోవడానికి షాపువాడి పిసినారితనం కారణం కాదు, ఈ రోజుల్లో పెళ్ళికొడుకులే పెట్టుకోవడం లేదు. ప్రిన్స్ చార్లీ అంటే సాయంత్రం బో టైతో వేసుకునే కోటు, మీరు ఉండేదంతా హాల్లోనే, లోపలికి రాగానే టోపీ తీసెయ్యడం ఇక్కడ మర్యాద. తీసింది ఎక్కడ పెడతారు? చంకలో పెట్టుకుని ముసలివాళ్ళకి చెయ్యి అందిస్తారా? తలపాగా సంగతంటారా, ఇక్కడి సిక్కులు కిల్ట్ మీద టర్బన్ కడతారు, చాలా అందంగా ఉంటుంది, కానీ అది వాళ్ళకి రోజూ ఉండేది. మన దగ్గరే అయినా పెళ్ళికొడుకు పక్కన ఇంకొకడు జరీ తలపాగాతో నిలబడితే ఎవరిది పెళ్ళి అనుకుంటారు చెప్పండి. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పి నెమ్మదిగా నచ్చజెప్పండి.

నన్నడిగితే టోపీ మీద పెట్టే శ్రద్ధ కింద పెట్టండి. ఫొటోల్లో పాడయ్యేది తల కాదు, మోకాళ్ళు! కిల్ట్ అంచు మోకాలి చిప్ప మధ్యకి రావాలి, మనవాళ్ళు ప్యాంటులాగా నడుం కింద కట్టేస్తారు, అప్పుడు కిందకి జారి మోకాళ్ళు మూసుకుపోతాయి. బొడ్డు దగ్గర కట్టాలి, కుచ్చిళ్ళు వెనక్కి, సాదా భాగం ముందుకి, తెరుచుకునే అంచు మీ కుడి చేతి వైపు. సాక్సు మడత చిప్పకి ఒక మూడు వేళ్ళ కింద ఆగాలి, ఆ మడత కింద నుంచి ఫ్లాషెస్ అని రంగు గుడ్డ ముక్కలు వేలాడతాయి, అవి కాలి బయటి వైపుకి కొద్దిగానే కనపడాలి. చాలామందికి మధ్యాహ్నానికే అవి ముందుకి తిరిగిపోతాయి, అందుకే ఫొటోలకి ముందు ఒకసారి కిందకి చూసుకోండి.

డ్రోన్_రఘు:
నేను ఇక్కడ ఒక పైప్ బ్యాండ్‌లో (బ్యాగ్‌పైప్‌లు వాయించే బృందంలో) డ్రమ్ వాయిస్తాను, మాకు టోపీ యూనిఫారంలో భాగం కాబట్టి టోపీ పక్షాన కూడా ఒకడు మాట్లాడాలి కదా 🙂 స్వప్న గారు చెప్పింది హాల్లో కరెక్టే, కానీ గోదారోడు బ్రో, బయట లాన్‌లో ఫొటోలు ఉంటే, అదీ పెళ్ళికొడుకు సరేనంటేనే, అప్పుడు ఒక గంట పెట్టుకోవచ్చు. మీరు చూసిన మడత టోపీ పేరు గ్లెన్‌గ్యారీ, వెనక రెండు రిబ్బన్లు వేలాడతాయి, మిలిటరీ వాసన ఎక్కువ, 1822లో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు గ్లెన్‌గ్యారీ క్లాన్ (వంశం) పెద్ద మెక్‌డోనెల్ పెట్టుకున్నాక ఆ పేరు వచ్చిందంటారు. గుండ్రంది బాల్మోరల్, ఎర్ర బంతిని టూరీ అంటారు. సివిల్ మనిషికి బాల్మోరలే నప్పుతుందని నా అభిప్రాయం, గ్లెన్‌గ్యారీ పెట్టుకుంటే భుజంమీద బ్యాగ్‌పైప్ ఏదీ అని అడుగుతారు. ఏదైనా సరే బ్యాడ్జి ఎడమ కణత మీదకి రావాలి, టోపీ కుడి వైపుకి వాలాలి. మా పైప్ మేజర్, అంటే బ్యాండ్ లీడర్, కొత్తవాళ్ళ తల మీద రెండు చేతులూ పెట్టి ముందు నిటారుగా దింపి ఆ తర్వాత కుడి కనుబొమ్మ వైపు వంచుతాడు, నెత్తి మీద తట్ట బోర్లించినట్టు పెట్టుకుంటే మాత్రం ఆయనకి ఒళ్ళు మండుతుంది.

ఈకల జోలికి పోవద్దు, ఇది మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. మూడు గద్ద ఈకలు క్లాన్ చీఫ్‌కి, రెండు ఆయన కింద ఉండే చీఫ్‌టెన్లకి, ఒకటి సొంతంగా రిజిస్టరైన వంశచిహ్నం ఉన్నవాళ్ళకి, మామూలు వాళ్ళకి సున్నా. అలాగే చుట్టూ బెల్టు బకిల్ ఉండే క్లాన్ బ్యాడ్జి కూడా ఫలానా చీఫ్ మనిషినని చెప్పుకోవడం, అది మీకెందుకు. బ్లాక్ వాచ్ టార్టన్ ఎవరైనా కట్టుకోవచ్చు, దాని మీదకి థిసిల్ పువ్వు బ్యాడ్జి చాలు. రాయల్ మైల్‌లో ఎర్ర జుట్టు అతికించి అమ్మే జిమ్మీ టోపీ చూసే ఉంటారు, అది ఫుట్‌బాల్ మ్యాచ్‌లో టార్టన్ ఆర్మీ వాళ్ళకి, అంటే స్కాట్లాండ్ టీమ్ ఫ్యాన్స్‌కి, మీరు పెళ్ళికి పెట్టుకెళ్తే పెళ్ళికూతురి తల్లి ముఖం నేను ఊహించుకోలేను.

ఓరుగల్లు_పోరడు:
అన్నా టోపీ గీపీ పక్కన పెట్టు, కూసునుడు నేర్చుకున్నవా ముందు? నేను మా మేనేజర్ పెండ్లికి కట్టిన, ఎనక కుచ్చిళ్ళను చేత్తోని సాపు చేస్కుంట కూసోవాలె, మన అమ్మలు చీర సదురుకున్నట్టు, లేకపోతే లేచినంక ఎనకంత నలిగిపోయి ఉంటది. స్పోరన్ అనేది ముంగట ఏలాడే సంచి, కిల్ట్‌కు జేబులుండవు కదా, ఫోను పర్సు అన్నీ అండ్లనే, ఎక్కువ నింపకు. వెయిస్ట్‌కోటు అంచుకు ఒక బెత్తెడు కింద ఉండాలె. రాత్రి కేలీ డ్యాన్స్ ఉంటది, స్ట్రిప్ ద విల్లో అని అందర్ని గుంజి గుంజి తిప్పుతరు, అప్పుడు స్పోరన్‌ను పక్క తుంటి మీదికి జరుపుకో, లేకపోతే ప్రతి గంతుకు ఏడ తాకుతదో నీకే తెల్సు 😂 ఇంగ లోపల ఏం ఏస్కుంటరు అని ఎవరైన అడిగితే నవ్వి ఊకో, అద్దె బట్టలకు మాత్రం డ్రాయరు తప్పనిసరి.

స్వప్న_లీత్:
ఓరుగల్లు తమ్ముడూ 😂😂 నిజమే. కత్తి సంగతి ఎవరూ చెప్పలేదు, అది స్కీన్ డూ. కుడిచేతి వాటమైతే కుడి సాక్సులో, పిడి మాత్రమే బయటికి కనపడాలి. స్కాట్లాండ్ చట్టంలో జాతీయ దుస్తుల్లో భాగంగా పెట్టుకుంటే మినహాయింపు ఉంది, కానీ కిల్ట్ విప్పేసి జీన్స్ వేసుకుని అదే కత్తి జేబులో పెట్టుకుని తిరిగితే ఆ మాట చెల్లదు. అద్దె సెట్లలో చాలాసార్లు ప్లాస్టిక్ పిడి మాత్రమే ఇస్తారు, కింద బ్లేడే ఉండదు, అదైతే గొడవే లేదు. ఏదైనా ట్రెయిన్‌లో బట్టలతోపాటు సూట్ కవర్‌లో పెట్టి తీసుకెళ్ళండి, అక్కడికి వెళ్ళాక పెట్టుకోండి.

గోదారోడు_గ్లాస్గో:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. పెళ్ళికొడుకుని అడిగాను, ఎవరూ టోపీ పెట్టుకోవట్లేదంట, సో టోపీ క్యాన్సిల్. నిన్న ట్రయల్‌కి వెళ్తే షాపులో కిల్ట్ పిన్ కూడా ఇచ్చారు, కత్తి బొమ్మలాంటిది. కిల్ట్ గాలికి ఎగరకుండా రెండు పొరలూ కలిపి గుచ్చేస్తే సరిపోతుంది కదా? బెల్టు కూడా ఒకటి అడగనా?

డ్రోన్_రఘు:
కలిపి గుచ్చకు బ్రో! పై పొరకి మాత్రమే, కుడి వైపు కింద మూల. అది బరువు కోసం, అందం కోసం, రెండూ కుట్టేసినట్టు పట్టేస్తే అడుగు వేసినప్పుడు బట్ట లాగి చిరుగుతుంది, అద్దెవాడు డిపాజిట్ నొక్కేస్తాడు. వెయిస్ట్‌కోటు ఉంటే బెల్టు వద్దు, లోపల ఉబ్బెత్తుగా కనపడుతుంది. బూట్లకి నాలుక ఉండదు, తాళ్ళు బారెడు ఉంటాయి, ముందు రెండు మూడు మెలికలు వేసి చీలమండ చుట్టూ తిప్పి ముందుకి తెచ్చి ముడి వెయ్యి, పిక్కల దాకా ఎక్కించకు. పెళ్ళి రోజు దాకా ఆగకుండా ఇంట్లో ఒకసారి కట్టి చూసుకో, లేకపోతే కేలీలో ముడి ఊడి మీ తాడు పక్కవాడు తొక్కుతాడు.