ఫ్రాంజ్ క్లామర్ వ్యాసంలో ‘డౌన్‌హిల్’కు ఏ మాట వాడాలి?

స్కీయింగ్‌లో (కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకుని మంచు వాలు మీద జారే ఆటలో) ఆస్ట్రియా వీరుడైన ఫ్రాంజ్ క్లామర్ గురించి పిల్లల కోసం వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 1976 ఫిబ్రవరి 5న ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్‌లో పసుపుపచ్చ సూటుతో పదిహేనోవాడిగా బయలుదేరి, మధ్యలో వెనకబడి, తూలుతూ నిలదొక్కుకుంటూ 1 నిమిషం 45.73 సెకన్లలో కిందికి చేరి, స్విట్జర్లాండ్‌కు చెందిన బెర్న్‌హార్డ్ రుసీని 0.33 సెకన్ల తేడాతో ఓడించిన పందెం ‘డౌన్‌హిల్’. ప్రపంచ కప్‌లో ఆయన గెలిచిన 25 డౌన్‌హిల్ పందేల ప్రస్తావనలోనూ ఇదే చిక్కు.

మొదట ‘అవరోహణ పందెం’ అని రాస్తే సంగీత పాఠంలా తోచింది. ‘వాలు పరుగు’ అని మార్చి మా పదేళ్ల అమ్మాయికి చదివి వినిపిస్తే, ఆయన కాళ్లతో పరుగెత్తాడా అని అడిగింది. (తప్పు దానిది కాదు.) పైగా, దగ్గర దగ్గరగా పాతిన కర్రల మధ్య మెలికలు తిరుగుతూ రెండు విడతలుగా దిగే స్లాలమ్ కూడా వాలు మీదే జరుగుతుంది కాబట్టి, ఒక్క విడతలో ముగిసే, వేగమే ప్రాణమైన డౌన్‌హిల్‌కు ఆ మాట ప్రత్యేకంగా అతకదు. ఇంగ్లిష్ మాటనే ఉంచితే పిల్లల కళ్లకు ఏ దృశ్యమూ కట్టడం లేదు.

పదేళ్ల పిల్లలకు వినగానే బోధపడేలా, స్లాలమ్‌తో కలగాపులగం కాకుండా, డౌన్‌హిల్‌కు మీరైతే ఏ తెలుగు మాట వాడతారు?