వేరేవాళ్ల పేరున్న డొమైన్ అమ్మితే కేసవుతుందా?

పాలకొల్లు_వెబ్:
మా వైపు ఒక రొయ్యల మేత వ్యాపారి ఉన్నారు. ఇంటిపేరుతో సహా ఆయన పూర్తి పేరు డాట్ కామ్‌లో, డాట్ ఇన్‌లో ఖాళీగా ఉంటే రెండూ తీసేసుకున్నాను. సైటు ఏమీ పెట్టలేదు. యాభై వేలకి ఇస్తానని ఆయనకే మెయిల్ పెడదామనుకుంటున్నా. చిక్కేమైనా ఉందా అండీ?

కాలవగట్టు:
ఆ మెయిల్ మాత్రం పంపకండి బాబూ. డాట్ కామ్ తగాదా యూడీఆర్పీ కిందకి, అంటే డొమైన్ తగాదాలు కోర్టు బయట తేల్చే పాలసీ కిందకి పోతుంది. ఆయన మూడూ రుజువు చెయ్యాలి: పేరు తన ట్రేడ్‌మార్కుతో (సరుకు గుర్తుతో) కలుస్తోందని, మీకు దానిమీద న్యాయమైన హక్కు లేదని, దురుద్దేశంతో కొని వాడుతున్నారని. పెట్టిన ఖర్చుకి మించి ఆయనకే అమ్ముదామని కొనడం దురుద్దేశానికి ఆ పాలసీలో రాసిన మొదటి ఉదాహరణ. మీ మెయిలే సాక్ష్యమైపోతుంది. 'సైటు పెట్టలేదుగా' అంటారేమో, ఊరికే అట్టేపెట్టుకున్నా వాడకం కిందే లెక్కేసిన తీర్పులున్నాయి.

పాలకొల్లు_వెబ్:
ఆయన ట్రేడ్‌మార్కు రిజిస్టర్ చేయించలేదండీ.

లంకపొలం:
చేయించకపోతేనేం? బస్తా మీద ఆయన పేరే అచ్చేసి, చెరువు రైతులు ఆ పేరు చూసే కొంటుంటే వాడకం వల్లే హక్కొచ్చేస్తుంది. 2000లో హాలీవుడ్ నటి జూలియా రాబర్ట్స్ తన పేరు డొమైన్ మీద అలాగే గెలిచింది. అదే ఏడు పాటగాడు స్టింగ్ ఓడిపోయాడు, 'స్టింగ్' మామూలు ఇంగ్లిష్ మాట కూడా కాబట్టి. ఒట్టి 'సత్యనారాయణ' అయితే అన్నవరం స్వామి దయవల్ల మన దగ్గర వీధికి నలుగురు, ఒక్కడిదే అనడం కష్టం. మీరు ఇంటిపేరు తగిలించారు, అక్కడే దొరికిపోయారు.

డాట్ ఇన్ ఇంకా బిగువు. డాట్ ఇన్ పేర్లు చూసే సంస్థ నిక్సీ. అది నడిపే తగాదా పాలసీ ఐఎన్‌డీఆర్పీలో ట్రేడ్‌మార్కే ఉండక్కర్లేదు, హక్కున్న పేరైనా సరే. కొనడంలోనో వాడటంలోనో ఏదో ఒకచోట దురుద్దేశం తేలితే చాలు. ఇక కోర్టు సంగతంటారా, అరుణ్ జైట్లీ పేరున్న డాట్ కామ్ డొమైన్ కేసులో 2011లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది.

కాలవగట్టు:
ఫిర్యాదు పడగానే డొమైన్‌కి తాళం పడుతుంది, ఇంకొకరి పేరుకి మార్చలేరు. యూడీఆర్పీలో జవాబుకి 20 రోజులు. ఈ తగాదాలు తేల్చే సంస్థ వైపోలో ఒక్క ప్యానలిస్టుకి (తీర్పరికి) 1,500 డాలర్లు ఆయనే కట్టాలి, మీ దగ్గర పరిహారం వసూలు చేసే వీలు అక్కడ లేదు. కోర్టుకెక్కితే మాత్రం ఆ లెక్క వేరు.

ముందు పార్కింగ్ పేజీ తీసేయండి, అదే, సైటు లేని డొమైన్‌లో డొమైన్ అమ్మిన కంపెనీ పెట్టే ప్రకటనల పేజీ. అందులో ఇంకో కంపెనీ మేత ప్రకటన వచ్చిందంటే మీ కేసు మీరే చెడగొట్టుకున్నట్టు. క్యాచ్ ఆల్ మెయిల్ (ఆ డొమైన్‌కి ఏ పేరుతో మెయిల్ వచ్చినా మీకే చేర్చే ఏర్పాటు) కూడా ఆపేయండి, ఆయనకి రావాల్సిన ఆర్డర్లు మీ ఇన్‌బాక్సులో పడితే సమాధానం చెప్పుకోలేరు.

లంకపొలం:
ఆయనే అడిగితే రిజిస్ట్రేషన్ బిల్లు చూపించి అంతే పుచ్చుకుని డొమైన్ మార్చుకోడానికి కావాల్సిన ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇచ్చేయండి. అడక్కపోతే ఆటో రెన్యువల్ ఆపేసి గడువు దాటనివ్వండి.