ముందు ఎవరికి నిధులు: కార్నర్ బ్లూ సీతాకోకచిలుకకా, కర్ట్‌లాండ్ వార్బ్లర్ పక్షికా?

మాధవి: అమెరికాలోని మిషిగన్ ఇసుక నేలల్లో ఈ రెండు జీవులూ ప్రమాదంలో పడ్డాయి. 1974లోనూ, 1987లోనూ పాడే మగ వార్బ్లర్లు 167 మాత్రమే లెక్కకు వచ్చాయి. అయినా 2019లో ఆ పక్షిని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితా నుంచి తొలగించగలిగారు. 1992లో జాబితాకెక్కిన కార్నర్ బ్లూ ఇంకా అందులోనే ఉంది. డబ్బు తక్కువైనప్పుడు ఫలితం చూపిన పద్ధతికే ముందుగా ఇవ్వాలని నా అభిప్రాయం.

సుధాకర్: మాధవి గారూ, ఆ పక్షి అవసరం కలప వ్యాపారంతో కలిసివచ్చింది. నేల మీద గూడు కట్టుకునే వార్బ్లర్‌కు సుమారు 5 నుంచి 20 ఏళ్ల వయసున్న జాక్ పైన్ చెట్లు, నేలను తాకే పచ్చి కొమ్మలతో సహా కావాలి. చెట్టు ముదిరి కింది కొమ్మలు ఎండిపోతే అది ఆ చోటు విడిచిపెడుతుంది. అందువల్ల ముదిరిన చెట్లను నరికి అమ్ముతూ, అక్కడే మళ్లీ మొక్కలు నాటుతున్నారు. బహామా దీవుల్లో చలికాలం గడిపి వచ్చే పక్షి కొత్త తోటను వెతుక్కోగలదు. అంగుళం వెడల్పు రెక్కలున్న సీతాకోకచిలుక సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటదు. దాని గొంగళిపురుగు అడవి లూపిన్ అనే మొక్క ఆకును తప్ప మరొకటి ముట్టదు. అది తిన్నచోట ఆకుకు పలుచని పొర మాత్రమే మిగిలి వెలుతురు కనిపిస్తుంది. లూపిన్‌కు ఎండ తగలాలంటే పొదలను తగలబెట్టాలి, కానీ ఆ మంటలో గుడ్లూ పురుగులూ కాలిపోతాయి కనుక ఒక్కోసారి ఒక్కో ముక్కనే కాల్చాలి. ఈ పనిలో అమ్ముకోవడానికి దుంగలేవీ రావు.

రహీం: పక్షి రక్షణ కూడా అంత తేలికగా జరగలేదు. కోకిల కాకి గూట్లో గుడ్డు పెట్టినట్టే, కౌబర్డ్ అనే మరో పక్షి వార్బ్లర్ గూట్లో గుడ్డు పెడుతుంది. 1972 నుంచి దశాబ్దాల పాటు కౌబర్డ్‌లను బోనుల్లో పట్టవలసి వచ్చింది. నాటడం ఆపితే పక్షి మళ్లీ తగ్గుతుంది, కాబట్టి జాబితా నుంచి తీసేసినంత మాత్రాన ఖర్చు తీరిపోలేదు.

మాధవి: రహీం గారి మాట నా వాదనకే బలం, సాధించినది నిలబెట్టుకోవడానికీ డబ్బు కావాలి కదా.

సుధాకర్: కావాలి, కానీ దాన్ని సీతాకోకచిలుక వాటాలో కోయనక్కరలేదు. పొరుగున ఉన్న విస్కాన్సిన్‌లో 1999 నుంచి అమలైన ఒప్పందం ప్రకారం కలప కంపెనీలు, విద్యుత్ సంస్థలు తమ స్థలాల్లో పనులను ఈ సీతాకోకచిలుకకు హాని తగ్గేలా చేసుకోవడానికి అంగీకరించాయి. మిషిగన్‌లోనూ అలాంటి ఏర్పాటుకే మొదటి నిధులు ఇవ్వాలంటాను.