మూడు స్లాబుల ఆఫీసు బిల్డింగు: చార్టు ప్రతి వారం ఎందుకు తప్పుతోంది?

సైట్‌లెక్క:
జీ ప్లస్ 2 ఆఫీసు బిల్డింగు, అంతస్తుకు సుమారు 4,000 చదరపు అడుగులు. ఏ పని ఎప్పుడో చూపే ఎంఎస్ ప్రాజెక్టు సాఫ్ట్‌వేర్‌లో 140 లైన్ల చార్టు వేశాం. మొదటి స్లాబు పడింది, రెండోది అప్పుడే 11 రోజులు వెనక. మేస్త్రీలు ఖాళీగా లేరు, స్టీలు, సిమెంటు సైట్‌లోనే ఉన్నాయి. సోమవారం వచ్చిందంటే తేదీలు ముందుకు జరపడమే పని. సెంట్రింగ్ సామాను, అంటే స్లాబు పోసేటప్పుడు కింద ఆనించే పలకలు, జాకీలు, ఒక్క సెట్టే. మూడో స్లాబు జనవరిలో అనుకుంటున్నాం. ప్రతి పనికీ 20 శాతం రోజులు కలిపితే గట్టెక్కుతామా?

లెవెల్‌ట్యూబు:
కలపకండి. ఐదు రోజుల పనికి ఆరు రాస్తే అది ఆరో రోజు సాయంత్రానికే అవుతుంది. కలిపిన రోజు ప్రతి లైన్లోనూ కరిగిపోయి, నిజంగా వాన పడ్డ రోజున చేతిలో ఏమీ మిగలదు. అదనపు రోజులన్నీ మూటగట్టి ఒక్కో స్లాబు చివర విడి లైనుగా పెట్టండి. అందులోంచి ఎన్ని వాడారో అందరికీ కనపడాలి.

అసలు సంగతి మీ ప్రశ్నలోనే ఉంది: ఒక్క సెట్టు. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం బీము కింద జాకీలు 6 మీటర్ల స్పాన్ (ఆధారాల మధ్య దూరం) వరకు 14 రోజులు, దాటితే 21 రోజులు ఉండాలి. స్లాబు కింద 4.5 మీటర్ల వరకు 7, దాటితే 14. ఇవి ఓపీసీ (మామూలు పోర్ట్‌లాండ్) సిమెంటుకు, వాతావరణం 15 డిగ్రీలకు తగ్గకుండా, క్యూరింగ్ (నీళ్లతో తడపడం) సరిగ్గా జరిగినప్పుడు. పీపీసీ (పోజొలానా కలిపిన సిమెంటు) అయితే ఇంకా ఆగాలి. ఎన్నాళ్లో స్ట్రక్చరల్ ఇంజినీరు చేత రాయించుకోండి.

పై అంతస్తు కాలమ్‌లు ఆరేడు రోజుల్లో లేస్తాయి. సామాను మాత్రం కిందే ఇరుక్కుని ఉంటుంది. కాబట్టి మీ చార్టును నడిపేది మేస్త్రీ కాదు, జాకీ. ఆ 140 లైన్లలో 'సెంట్రింగ్ విప్పడం' నుంచి పై అంతస్తు 'సెంట్రింగ్ కట్టడం'కు లింకు ఉందా? చాలా చార్టుల్లో ఉండదు. కాలమ్ అయ్యాక స్లాబు అని మాత్రమే ఉంటుంది.

ఇంకో చిన్న తిరకాసు. లింకులో ఆలస్యం 14డీ (14d) అని కొడితే సాఫ్ట్‌వేర్ పనిదినాలు లెక్కేస్తుంది. వారానికి ఆరు రోజుల క్యాలెండర్లో అది కనీసం 16 రోజులు అవుతుంది. కాంక్రీటుకు ఆదివారం సెలవు లేదు కదా. 14ఈడీ (14ed) అని కొట్టండి, క్యాలెండర్ రోజులు పడతాయి.

మార్కింగ్‌దారం:
పై మాట నిజమే. కానీ 11 రోజులూ జాకీల వల్లే పోయి ఉండవు. కాంక్రీటుకు ముందు రోజు సైట్లో ఏం జరుగుతుందో చూడండి. రాడ్ బెండింగ్ అయిపోయింది, ఎలక్ట్రీషియన్ పైపులు, ఫ్యాను బాక్సులు సగమే పెట్టాడు. టాయిలెట్ సంకన్ (పల్లపు) భాగంలో ప్లంబర్ పైపు దూరే స్లీవ్ పెట్టలేదు. ఇంజినీరు చెకింగ్‌కు వచ్చి రాడ్లను పలకకు అంటకుండా ఎత్తి పట్టే కవర్ బ్లాకులు లేవని తిరిగి వెళ్లాడు. చార్టులో ఇదంతా 'స్లాబు స్టీలు, 5 రోజులు' అనే ఒక్క లైను.

దాన్ని విడగొట్టండి: కింది జాలి (రాడ్ల అల్లిక), పైపులు, పై జాలి, మన చెకింగ్, ఇంజినీరు చెకింగ్, సరిదిద్దడం. ఒక్కో దానికి బాధ్యుడిగా ఒకే మనిషి పేరు. 'ఎలక్ట్రికల్ టీమ్' అని రాస్తే ఎవరూ కాదు. పైపులు రెండు జాలీల మధ్య పోవాలి. పై జాలి కట్టేశాక ఎలక్ట్రీషియన్ వస్తే రాడ్లు కట్టిన సగం బైండింగ్ వైర్లు విప్పించాల్సిందే.

రోజులు తేలకపోతే మూడంచనాల లెక్క వేయండి. అన్నీ కుదిరితే 4, మామూలుగా 5, చెడితే 12 అనుకుంటే (4 + 5×4 + 12) ÷ 6 = 6 రోజులు.

కాంక్రీటు బుకింగు కూడా లైనే. 370 చదరపు మీటర్ల మీద 125 మిల్లీమీటర్ల స్లాబు అంటే 46 ఘనపు మీటర్లు, బీములు ఓ 20 అనుకుంటే 66. ఆరు ఘనపు మీటర్ల మిల్లర్లు (కాంక్రీటు తెచ్చే లారీలు) 11. బలం పరీక్షకు పోసే క్యూబులకు 5 శాంపిళ్లు, ఒక్కోదానికి మూడు క్యూబుల చొప్పున 15. ఏడు రోజుల పరీక్షకు వేరే. అచ్చులు చాలక పోత రోజున వెతుక్కోవడం కొత్తేం కాదు.

గోడమీదక్యాలెండర్:
మూడంచనాల లెక్క ఆఫీసులో బాగుంటుంది గానీ మేస్త్రీకి అక్కర్లేదు. శనివారం అరగంట అందరినీ నిలబెట్టి, వచ్చే వారం ఏం ముగిస్తారో వాళ్ల నోటితోనే చెప్పించండి. మీరు తేదీ చెప్పి తలూపించుకుంటే లెక్కలోకి రాదు. పది మాటల్లో ఆరు నిలబడితే 60 శాతం. నిలబడని నాలుగింటికీ కారణం ఒక్క మాటలో రాయండి: డ్రాయింగు, సామాను, మనుషులు, ముందు పని, వాన. నెల తిరిగేసరికి ఏ మాట ఎక్కువసార్లు వచ్చిందో తెలుస్తుంది. గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ 1990ల్లో రూపొందించిన లాస్ట్ ప్లానర్ పద్ధతి ఇదే. మూడు వారాల ముందుచూపు పట్టిక కూడా అందులో భాగమే.

జనవరి అన్నారు. సంక్రాంతికి మన మేస్త్రీలు ఊళ్లకు పోతే పండగ మర్నాడే తిరిగి రారు. 10 నుంచి 20 దాకా ఖాళీగా వదిలేయండి. ముక్కనుమ దాటగానే స్లాబు పోత పెట్టారంటే వంద మంది రావాల్సిన చోట నలభై మంది వస్తారు. ఒడిశా, బీహార్ మనుషులైతే వాళ్ల పండగల క్యాలెండర్ విడిగా అడిగి రాసుకోండి.

సైట్‌లెక్క:
లింకు నిజంగానే లేదు, ఈడీ సంగతీ తెలీదు. రెండో సెట్టు అద్దెకు తెస్తే లాభమా?

లెవెల్‌ట్యూబు:
లెక్కేసుకోండి. మొదటి స్లాబు పోసిన రోజు సున్నా అనుకుంటే, ఒక్క సెట్టుతో 14వ రోజు దాకా ఆగి, విప్పి ఎక్కించడానికి రెండ్రోజులు: పైన సెంట్రింగ్ 16న మొదలు. రెండు సెట్లుంటే కాలమ్‌లు అయిన 7వ రోజునే మొదలు. స్లాబుకు 9 రోజులు మిగులుతాయి. మీ సైట్ నెలవారీ ఖర్చులు, అంటే సూపర్‌వైజర్ జీతం, మిక్సర్ అద్దె, వాచ్‌మన్, కరెంటు, రోజుకెంతో చూసి 9తో గుణించండి. సెట్టు అద్దె, రానుపోను లారీ కలిపి అంతకన్నా తక్కువైతే తెప్పించండి.

ఒక్క జాగ్రత్త. రెండో సెట్టు ఉందని కింద జాకీలు ముందే లాగకూడదు. పై స్లాబు పచ్చి బరువు కింది స్లాబు మీదే కూర్చుంటుంది. అప్పటికి కింద ఎన్ని జాకీలు మిగలాలో స్ట్రక్చరల్ ఇంజినీరు స్కెచ్ వేసి ఇవ్వాలి. ఆ స్కెచ్ తెప్పించుకోవడానికీ చార్టులో ఒక లైను, ఒక పేరు, ఒక తేదీ రాయండి.