మయామీ నుంచి కీ వెస్ట్ ఒక్క రోజులో వెళ్లి స్నార్కెలింగ్ కూడా చేసి రావచ్చా?

గోదారి గట్టు:
డిసెంబర్ చివర్లో మయామీలో మా తమ్ముడి ఇంటికి వెళ్తున్నాం. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, పాపకి తొమ్మిదేళ్లు. పొద్దున్నే కారులో బయల్దేరి, వంతెనలతో కలిపిన దీవుల వరసలో చివర ఉండే కీ వెస్ట్ చూసుకుని, అక్కడే సముద్రంలో పగడపు దిబ్బల దగ్గర స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీళ్ల కిందికి చూడటం) చేసి, రాత్రికి ఇల్లు చేరాలని ప్లాన్. మా ఆవిడకి ఈత రాదు, నాది ఊళ్లో కాలవలో నేర్చుకున్న ఈత. బీచ్‌లో దిగితే చేపలు కనిపిస్తాయా, పడవ బుక్ చేసుకోవాలా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ఫ్లోరిడా ఎండ:
అవుతుంది గానీ పిండైపోతారు. 160 మైళ్లే కదా, రెండున్నర గంటల్లో కొట్టేద్దాం అనుకోకండి, మయామీ దిగువనున్న హోమ్‌స్టెడ్ ఊరు దాటాక చాలా దూరం రోడ్డు అటొక వరస ఇటొక వరసే, ముందు ఒక ఆర్‌వీ (ఇల్లులాంటి పెద్ద బండి) తగిలిందంటే దాని వెనకాలే పోవాలి. నాలుగు గంటలు వేసుకోండి. బిగ్ పైన్ కీ దగ్గర పొట్టి జింకలు రోడ్డెక్కుతాయని స్పీడ్ లిమిట్ తగ్గించారు, రాత్రి ఇంకా తక్కువ, జాగ్రత్త.

కీ వెస్ట్ బీచుల్లో ఇసుక, సముద్రపు గడ్డి తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఫోర్ట్ జకరీ టేలర్ పార్కులో రాళ్ల చుట్టూ కాసిని చేపలు తిరుగుతాయి, అంతే. అసలు పగడాలు ఒడ్డుకి ఆరేడు మైళ్ల దూరంలో ఉంటాయి, పడవ తప్పదు. పొద్దుటి పడవ అందుకోవాలంటే తెల్లారకముందే బయల్దేరాలి, మధ్యాహ్నం పడవ ఎక్కితే ఊరు చూసే టైమ్ ఉండదు.

సన్నజాజి:
పెద్దవాళ్లు, పాప ఉన్నారు కాబట్టి నా మాట విని దారిలో ముందే వచ్చే కీ లార్గో దీవిలో ఆగిపోండి. మయామీ నుంచి గంట, గంటన్నర. జాన్ పెన్నెక్యాంప్ పార్క్ నుంచి స్నార్కెలింగ్ పడవలు వెళ్తాయి, నీళ్లలో దిగని అమ్మానాన్నలకి అడుగున అద్దం ఉన్న పడవ వేరే ఉంది, కూర్చునే చేపల్ని చూడొచ్చు. ఈత రానివాళ్లకి గాలి నింపే జాకెట్ ఇస్తారు, మునగరు, భయమల్లా మొహం నీళ్లలో పెట్టి నోటితో గాలి పీల్చడమే. అది ముందే తమ్ముడి అపార్ట్‌మెంట్ పూల్‌లో అలవాటు చేయించండి. ఇంకోటి, మీకు మీసం ఉంటే మాస్క్ అతుక్కోదు, ముక్కు కింద నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. మీసానికి కాస్త వాజిలిన్ రాయండి. పాప నుదుటి మీది వెంట్రుకలు కూడా మాస్క్ లోపలికి పోకుండా పైకి దువ్వండి. డిసెంబర్‌లో నీళ్లు పిల్లలకి చలే, వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే రబ్బరు సూటు) అద్దెకి తీసుకోండి.

పులస ప్రియుడు:
సన్నజాజి గారూ, కీ లార్గోకి వెళ్లి కీ వెస్ట్ చూశామంటే ఎలాగండీ! వీధుల్లో తిరిగే కోళ్లు, పాత చెక్క ఇళ్లు, రచయిత హెమింగ్వే ఇంట్లో ఆరు వేళ్ల పిల్లులు, మల్లరీ స్క్వేర్‌లో సూర్యాస్తమయం, ఇవేవీ అక్కడ దొరకవు. దారిలో సెవెన్ మైల్ బ్రిడ్జి పక్కన కనిపించే పాత వంతెన 1912లో కీ వెస్ట్ దాకా నడిచిన రైలుది, 1935 తుపాను ఆ లైనుని దెబ్బతీసింది. మా నాన్నగారు రైల్వేలో చేశారు, ఆయనకి ఊరి కంటే ఆ వంతెనే నచ్చింది. కుదిరితే ఒక రాత్రి ఉండండి, కాకపోతే క్రిస్మస్ వారంలో గది రేట్లు చూస్తే గుండె ఆగుతుంది.

పగడాల మీద మాత్రం మరీ ఆశలు పెట్టుకోకండి. 2023 ఎండాకాలంలో నీళ్లు కాగిపోయి చాలా పగడాలు తెల్లబడి చచ్చిపోయాయి. చేపలు బాగానే ఉంటాయి, టీవీలో చూసే రంగుల తోట మాత్రం కాదు.

గోదారి గట్టు:
థాంక్స్ అందరికీ. ఆవిడ కీ లార్గోకే ఓటేసింది. నాన్న మాత్రం వంతెన అంటున్నారు. పడవ ముందే బుక్ చేయాలా, అక్కడికెళ్లి తీసుకోవచ్చా?

ఫ్లోరిడా ఎండ:
ఆ సీజన్‌లో ముందే చేసేయండి, కానీ గాలి ఎక్కువైతే డబ్బు వెనక్కిస్తారో లేదో చదివి మరీ కట్టండి. చలికాలంలో ఉత్తరపు గాలి లేస్తే ట్రిప్పులు ఆపేస్తారు, ఆపకపోయినా నీళ్లు బురదగా ఉండి ఏమీ కనబడదు. వాంతుల మాత్ర పడవ కదలడానికి గంట ముందే వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే లాభం లేదు. పొద్దున పడవ అయ్యాక, సెవెన్ మైల్ బ్రిడ్జి మొదలయ్యే మరాథన్ ఊరి దాకా వెళ్తే మీ నాన్నగారి వంతెన కూడా అయిపోతుంది. అమ్మగారు శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లండి, దారి పొడుగునా చేపలూ రొయ్యలే.